త్యాగం ఎవరిది, కోరిక ఎవరిది? తెలుగు చిత్రాల్లో వికలాంగుల ప్రేమ

ఎవరు ఎవర్ని ప్రేమించవచ్చునన్న ప్రశ్న తెలుగు చిత్రానికి కొత్తది కాదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం "మాలపిల్ల" తీసినప్పుడే ఆ ప్రశ్నను కులం వైపు నుంచి వేశాడు. కథ చలం ఇచ్చాడు, మాటలు తాపీ ధర్మారావు రాశాడు. పూజారి కొడుకు మాలపిల్లను ప్రేమించటమూ, మాలలు గుడిలో ప్రవేశించటానికి పోరాడటమూ ఆ చిత్రంలో ఒకే కథ. ప్రేమ వేరు, హక్కు వేరు అని దాన్ని తీసినవాళ్ళు అనుకోలేదు. అయిదేళ్ళ తరవాత, 1943లో, తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడినప్పుడు ఆ సభకు అధ్యక్షత వహించింది కూడా తాపీ ధర్మారావే. ఈ రెండు విషయాలకూ సంబంధం లేదని నేననుకోను.

తరవాత మన చిత్రాలు పేదవాణ్ణీ జమీందారు కూతుర్నీ కలిపాయి. కులాలు వేరయినవాళ్ళనూ మతాలు వేరయినవాళ్ళనూ కలిపాయి. ఆ కలపటంలో నిజాయితీ ఎంత, వ్యాపారం ఎంత అన్నది వేరే చర్చ. నేనిక్కడ ఎత్తదలచుకున్నది ఇంకొక గోడ సంగతి. చూపులేనివాడు, కాలు లేని అమ్మాయి, మాట రాని అమ్మాయి, బుద్ధి ఎదగలేదని లోకం అనే మనిషి ప్రేమిస్తే ఏమవుతుంది? వీళ్ళకు శరీరం ఉందనీ, ఆ శరీరానికి కోరిక ఉందనీ, ఒకర్ని ఎంచుకునే హక్కూ, ఇంకొకర్ని కాదనే హక్కూ వీళ్ళకు ఉన్నాయనీ మన చిత్రాలు ఒప్పుకున్నాయా?

చాలావరకు ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండా కథ నడపటానికి అవి మూడు ఉపాయాలు కనిపెట్టాయి. మొదటిది వైకల్యాన్ని నయం చెయ్యటం. రెండోది ప్రేమను అవతలివాళ్ళ త్యాగంగా మార్చటం. మూడోది వికలాంగుణ్ణి పసివాణ్ణి చెయ్యటం. మూడింటి ఫలితమూ ఒకటే: కోరిక అన్న మాట ఎత్తవలసిన అవసరం తప్పిపోతుంది.

సాహిత్య విమర్శకు సినిమాలతో పనేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. నేను కళాశాలలో తెలుగు సాహిత్యం బోధిస్తాను, ఉండేది యూసుఫ్‌గూడలో. పొద్దున్నే కృష్ణానగర్ కూడలిలో ఆ రోజు షూటింగుకు పిలుపు వస్తుందేమోనని జూనియర్ ఆర్టిస్టులు నిలబడి ఉంటారు. కాస్త దూరం పోతే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. మా విద్యార్థుల్లో నవల చదవనివాళ్ళున్నారు గాని సినిమా చూడనివాళ్ళు లేరు. ఒక అమ్మాయితో ఎట్లా మాట కలపాలో, కాదంటే ఏం చెయ్యాలో వాళ్ళు నేర్చుకునేది ఎక్కువగా అక్కడే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల 66 వేలమంది వికలాంగులు తేలారు. వాళ్ళూ ఈ సినిమాలే చూస్తారు. ఆ తెర వాళ్ళకు తమ గురించి ఏం చెపుతుంది? ఈ ప్రశ్న విమర్శకుడిది కాకపోతే ఇంకెవరిది?

ముందుగా ఒక మాట సంగతి. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగంలో "దివ్యాంగులు" అనే మాటను సూచించారు. ఇప్పుడు ప్రభుత్వ కాగితాల్లో అదే చెల్లుతున్నది. నాకా మాట రుచించదు. అవమానించే పాత మాటలు పోవలసిందే. కాని మనిషిని మెట్టు కిందికి తొయ్యటం ఎట్లా తప్పో, పీటమీద కూర్చోబెట్టటమూ అట్లాగే తప్పు. పీటమీది విగ్రహానికి ఆకలీ దాహమూ ఉండవు. నిజానికి మన దేవుళ్ళ గతే మేలు. వాళ్ళకు ఏటేటా కల్యాణం చేస్తాం, పవళింపు సేవ కూడా చేస్తాం. దివ్యాంగుడికి ఆ భాగ్యమూ లేదు.

మొదటి ఉపాయానికి మన పురాణాల్లోనే మూలముంది. భాగవతం దశమస్కంధంలో కుబ్జ మథుర వీధిలో కృష్ణుడికి గంధమిస్తుంది. కృష్ణుడు ఆమె వంకరలు తీసి నిటారుగా నిలబెడతాడు. ఆ తరవాతే ఆమె అతని ఉత్తరీయం పట్టుకుని ఇంటికి రమ్మంటుంది. కోరిక చెప్పుకున్నందుకు ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు, ఆమె మాట చెల్లింది కూడా. అంతవరకు కథ ఉదారమైనదే. కాని వరస గమనించండి: ముందు వీపు సరి కావాలి, తరవాత కోరిక పలకాలి.

1961లో సారథీ స్టూడియోస్ వారి "కలసి ఉంటే కలదు సుఖం"లో ఈ వరస కొంత మారింది. దర్శకుడు తాపీ చాణక్య, ధర్మారావు కుమారుడు. అంతకు ఆరేళ్ళ ముందు కౌలురైతుల కథతో "రోజులు మారాయి" తీసినవాడు. ఇందులో రామారావు వేసిన కిష్టయ్యకు విద్యుత్ఘాతం వల్ల ఒక చెయ్యీ ఒక కాలూ పడిపోయాయి. అయినా అతను మోటుపని చేస్తాడు, సావిత్రి వేసిన రాధను పెళ్ళాడతాడు, బిడ్డకు తండ్రి అవుతాడు. ఇదంతా నయం కాకముందే జరుగుతుంది. వికలాంగుడైన మగవాడు సంసారి కావచ్చునని మన ప్రేక్షకులు ఆనాడే ఏ ఇబ్బందీ లేకుండా చూశారు. ఆ మేరకు మెచ్చుకోవలసిందే. కాని రెండు సంగతులు మరచిపోకూడదు. అతనికి దొరికిన అమ్మాయి దిక్కులేనిది. మంచి సంబంధాలు అన్నదమ్ముల్లో రెండోవాడికే. చివరకు మరొక విద్యుత్ఘాతం అతని చెయ్యీ కాలూ సరిచేస్తుంది. వంకర చేతితో సుఖపడుతున్నవాణ్ణి అట్లాగే వదిలి ప్రేక్షకుణ్ణి ఇంటికి పంపే ధైర్యం తమిళ మాతృకకూ లేదు, మనకూ లేకపోయింది.

రెండో ఉపాయానికీ మూడో ఉపాయానికీ పరాకాష్ఠ 1986లో వచ్చిన "స్వాతిముత్యం". ఇది ఆస్కార్ పోటీకి మన దేశం పంపిన చిత్రం. విశ్వనాథ్ శిల్పాన్నీ, కమల్‌హాసన్ నటననూ నేను తక్కువ చెయ్యను. శివయ్య వయసు వచ్చినా బుద్ధి పసివాడిగా ఉన్న మనిషి. లలిత బిడ్డతో ఉన్న వితంతువు. శ్రీరామనవమి కల్యాణంలో శివయ్య తాళి తెచ్చి లలిత మెడలో కట్టేస్తాడు. ఊరు నివ్వెరపోతుంది. ఆచారపు గోడను ఒక అమాయకుడు అమాయకత్వంతోనే పగలగొట్టాడని, చిత్రం బలం అదేనని అంటారు. నిజమే. తెలివైనవాళ్ళెవరూ చెయ్యలేనిది తెలివి లేనివాడు చేశాడనటం తెలివైనవాళ్ళకు గట్టి చురక.

ఈ చిత్రాన్ని తరగతిలో చర్చించినప్పుడు చూపులేని ఒక విద్యార్థి లేచి ఇట్లా అన్నాడు: "సార్, అందులో శివయ్యకు పెళ్ళి కావాలా అని ఎవరూ అడగలేదు. లలితకు ఈ పెళ్ళి కావాలా అని శివయ్య కూడా అడగలేదు. పెళ్ళి మాత్రం అయిపోయింది."

ఇంతకంటే సూటి విమర్శ ఆ చిత్రం మీద నేను చదవలేదు. అడగకుండా ఆడదాని మెడలో తాళి కట్టే పని ప్రతినాయకుడు చేస్తే అది అత్యాచారమవుతుంది. అదే పని శివయ్య చేస్తే పవిత్రమయింది. ఎందుకని? అతనికి కోరిక లేదని మనకు ముందే హామీ దొరికింది కనక. అంటే అతని పవిత్రతకు మూల్యం అతని మగతనం. లలిత విముక్తికి మూల్యం ఆమె సమ్మతి. తరవాత వాళ్ళ దాంపత్యాన్ని విశ్వనాథ్ దాటవెయ్యలేదు. లలితే చొరవ తీసుకుంటుంది, వాళ్ళ సంసారం పెరుగుతుంది. ఆ ఘట్టాల్లో చిత్రం తన ఉపాయాన్ని తానే దాటబోయింది. కాని అక్కడ కూడా ఆమె భార్యకంటే ఎక్కువగా తల్లి, గురువు. ఆమెకు సుఖం దొరికిందా అని అడిగే తీరిక చిత్రానికి లేదు. ఆమె సహనాన్ని మెచ్చుకోవటంతోనే సరిపోయింది.

ఇక్కడ మన సంస్కరణోద్యమ చరిత్ర గుర్తుకు వస్తుంది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. అది గొప్ప పోరాటం. వెలికీ దెబ్బలకూ భయపడని పోరాటం. కాని ఆనాటి భాషలో వితంతువు ఉద్ధరింపబడే మనిషి, పెళ్ళాడే యువకుడు ఉద్ధరించే మనిషి. చప్పట్లన్నీ అతనివే. వితంతువుకు ఏం కావాలి, ఎవరు కావాలి అన్న ప్రశ్న రావటానికి చలం దాకా ఆగవలసి వచ్చింది. చలం చెప్పినదంతా ఒప్పుకోనక్కరలేదు; అతను అడిగిన ప్రశ్నను మాత్రం తప్పించుకోలేం. వికలాంగుల విషయంలో మనమింకా వీరేశలింగం దగ్గరే నిలబడి ఉన్నాం. చలం దాకా రాలేదు.

ఈ ఆలోచన తెరమీదే ఉందనుకుంటే పొరపాటు. తెలంగాణలో వికలాంగుల వివాహానికి ప్రభుత్వం ప్రోత్సాహకం ఇస్తున్నది. 2025 దాకా ఆ సొమ్ము జంటలో ఒకరు సకలాంగులైతేనే దక్కేది. ఇద్దరూ వికలాంగులైన జంటకు కూడా ఇవ్వాలన్న ఉత్తర్వు ఆ ఏడు వచ్చింది. కులాంతర వివాహాలకు కూడా ప్రోత్సాహకం ఉంది కదా అనవచ్చు. ఉంది. కాని అక్కడ సొమ్ము ఇచ్చేది ఆ జంటను ఊరూ ఇల్లూ శిక్షిస్తాయి కనక. ఇక్కడ ఇన్నేళ్ళూ ఇచ్చింది సకలాంగులొకరు "దిగివచ్చారు" కనక. ఇద్దరు వికలాంగులు ఒకర్నొకరు ఎంచుకుంటే అందులో ఎవరి త్యాగమూ లేదు. త్యాగం లేకపోతే బహుమతీ లేకపోయింది. సినిమా కథకుడూ సర్కారు గుమాస్తా ఒకే వ్యాకరణం చదువుకున్నారు.

ఇక స్త్రీల సంగతి. మన కథానాయికలకు వచ్చే వైకల్యం ఏది? లెక్క చూడండి. "సిరిసిరిమువ్వ" (1976)లో హేమకు మాట రాదు, నాట్యం వచ్చు. "సిరివెన్నెల" (1986)లో సుభాషిణికి మాట రాదు, బొమ్మలు వెయ్యటం వచ్చు. "నిశ్శబ్దం" (2020)లో సాక్షికి మాటా వినికిడీ లేవు, ఆమె కూడా చిత్రకారిణే. నలభై నాలుగేళ్ళలో దర్శకులు మారారు, కథలు మారాయి, వైకల్యం మారలేదు. ఎందుకు మూగతనం? అది ముఖాన్ని చెడపదు, నడుమును చెడపదు. కెమెరాకు కావలసిన అందమంతా అట్లాగే ఉంటుంది. పోయేది మాట ఒక్కటే. ఆడదాని అవయవాల్లో మన సమాజం లోటుగా భావించనిది నాలుకే కాబోలు. పోలియో వచ్చిన కాలు, వంగిన వెన్ను, కాలిన ముఖం ఉన్న అమ్మాయి ప్రేమించినట్టూ, ఆమెను ఒకడు కోరుకున్నట్టూ చూపటానికి మన చిత్రాలకు చేతులు రాలేదు.

మా కళాశాలలో కాలిపర్లు కట్టుకుని నడిచే ఒక విద్యార్థిని నవ్వుతూనే అన్నది: "మా ఇంట్లో అక్కకు సంబంధాలు చూస్తున్నారు సార్, నాకు ఉద్యోగాలు చూస్తున్నారు." ఉద్యోగం చూడటం మంచిదే, అది అక్కకూ చూడవలసిందే. కాని ఆ వాక్యంలో ఒక తలుపు మూసిన చప్పుడు ఉంది. ఆ తలుపు మూసింది శత్రువులు కాదు, ప్రేమించే తల్లిదండ్రులు.

ఈ మూసేయటం ఎంత క్రూరత్వానికి దారితీయగలదో చరిత్రలో ఉంది. 1994లో మహారాష్ట్రలో ప్రభుత్వ ఆశ్రమంలో ఉన్న బుద్ధిమాంద్యం గల స్త్రీలకు పుణెలో గర్భసంచులు తీయించారు. శుభ్రత కోసమన్నారు, రక్షణ కోసమన్నారు. ఆ స్త్రీల సమ్మతి ప్రసక్తే రాలేదు. కోరిక లేదని ముందు కథల్లో తీర్మానిస్తే, గర్భసంచి అక్కరలేదని తరవాత శస్త్రచికిత్స బల్ల దగ్గర తీర్మానించటం తేలిక. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పదో సెక్షనులో, సమ్మతి లేకుండా సంతానం కలగకుండా చేసే వైద్యం ఎవరిమీదా జరపరాదని రాయవలసి వచ్చిందంటే కారణం ఇట్లాంటివే.

మినహాయింపులు లేవా? ఉన్నాయి, వాటిని చెప్పకపోతే అన్యాయం. 1981లో సింగీతం శ్రీనివాసరావు తీసిన "అమావాస్య చంద్రుడు"లో రఘు చూపులేని వయొలిన్ కళాకారుడు. నాన్సీ అతన్ని ప్రేమించింది జాలిపడి కాదు. అతను అలుగుతాడు, కోప్పడతాడు, ఆమెను కోరుకుంటాడు. చివరకు చర్చిలో ఇంకొకరితో జరగబోయే పెళ్ళిని వదిలి ఆమె అతనితో వెళ్ళిపోతుంది. చూపు తిరిగి రాదు. రావలసిన అవసరమూ లేదు. ఆ జంటకు కొమ్ము కాసిన తాతగారి వేషం వేసింది ఎల్.వి. ప్రసాద్. ఆయన ఇచ్చిన నిధులతో, స్థలంతో 1987లో బంజారాహిల్స్‌లో కంటి ఆస్పత్రి వెలిసింది. నయం కాగల చూపును నయం చెయ్యటానికి ఆస్పత్రి కావాలి; నయం కాని చూపుతో ప్రేమించటానికి అట్లాంటి తాత కావాలి. ఈ రెండు పనులకూ ఒకే మనిషి పేరు జతపడటం నాకు సంతోషం. చిత్రానికి మాత్రం వ్యాపార విజయం దక్కలేదు.

1985లో వచ్చిన "మయూరి" మరొక మినహాయింపు. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని కృత్రిమపాదంతో నాట్యం చేసిన సుధాచంద్రన్ తన కథలో తానే నటించింది. తెరమీద కనపడ్డది నటించిన వైకల్యం కాదు, అసలు శరీరం. ఆ ఒక్క కారణానికే దానికి మన చిత్ర చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. కాలు పోయాక ప్రేమించినవాడు తప్పుకుంటాడు. ఆమె వేదికను గెలుస్తుంది. గెలవటం బాగుంది. కాని గెలవనివాళ్ళ మాటేమిటి? నాట్యం రాని, పతకం రాని, కృష్ణానగర్‌లో కుట్టుమిషను పెట్టుకున్న కాలు లేని అమ్మాయికి ప్రేమ అడిగే అర్హత ఉందా, లేదా? వికలాంగుడు మనిషి అనిపించుకోవాలంటే ముందు అసాధారణుడు కావాలనటం కూడా ఒక రకం పన్నే. "రాజా ది గ్రేట్" (2017)లో చూపులేని నాయకుడు ఆ పన్నును ముష్టియుద్ధంలో చెల్లించాడు.

వర్గం సంగతి ఎత్తకుండా ఈ చర్చ ముగియదు. "ఊపిరి" (2016)లో మెడ కింద శరీరమంతా చచ్చుబడిన విక్రమాదిత్య కోటీశ్వరుడు. ఫ్రెంచి మాతృకలోలాగే సేవకు జీతగాడు ఉన్నాడు, కారు ఉంది, పారిస్ ఉంది. ప్రేమించిన నందినికి భారం కాకూడదని అతను తానే తప్పుకుంటాడు. చిత్రం దీన్ని ఔన్నత్యంగా చూపుతుంది. ఆలోచిస్తే ఇది కూడా అడగకపోవటమే. ఆమె మోయగలదో లేదో, మోయదలచిందో లేదో చెప్పవలసింది ఆమె కాదా? ఆ భారం ఎంతటిదన్నది డబ్బు తేల్చే విషయం. జీతమిచ్చి మనిషిని పెట్టుకోగలవాడికి భార్య భార్యగా ఉండగలదు. పేద ఇంట్లో భార్యే జీతం లేని నర్సు, తల్లే జీతం లేని ఆయా. అందుకే పేద వికలాంగుడి పెళ్ళి మాట వచ్చేసరికి అందరూ "ఎవరు చేస్తారు?" అంటారు. సేవకూ సహచర్యానికీ మధ్య గీత గీయవలసిన బాధ్యత సమాజానిది. దాన్ని ఒక స్త్రీ నెత్తిన పెట్టి త్యాగమని పేరు పెట్టాం.

దీనికి విరుద్ధంగా "రంగస్థలం" (2018) చూడండి. చిట్టిబాబుకు సరిగ్గా వినపడదు. పొలాలకు నీళ్ళు తోడే ఇంజను నడుపుతాడు. రామలక్ష్మి అతన్ని ఉద్ధరించటానికి రాలేదు. పోట్లాడుతుంది, విసుక్కుంటుంది, ఇష్టపడుతుంది. వినపడకపోవటాన్ని చిత్రం కొన్నిచోట్ల హాస్యానికి వాడుకున్నది. కాని అతనిమీద అనుగ్రహం చూపే స్థానంలో ఆమె ఎప్పుడూ లేదు. ఇద్దరూ పనిచేసి బతికేవాళ్ళు. ఇద్దరి చేతులకూ బురద ఉంది. సుకుమార్ ఉద్దేశం ఏమయినా, మన చిత్రాల్లో జాలి లేని ప్రేమ పొలం గట్టుమీద దొరకటం ఆలోచించదగ్గ విషయం.

హాస్యం మాట వచ్చింది కనక ఒక విషయం. 2024 జులైలో "ఆంఖ్ మిచోలీ" అనే హిందీ చిత్రం మీద వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు రెండు రకాల హాస్యాలను వేరు చేసింది: వికలాంగుణ్ణి కించపరిచేది ఒకటి, వైకల్యాన్ని అర్థం చేయించేది ఒకటి. ఇది మంచి కొలబద్ద. కాని కించపరిచే కన్నీళ్ళు కూడా ఉంటాయి. వాటిని ఏ కోర్టూ కొలవలేదు. ఆ పని విమర్శకుడు చెయ్యాలి.

మన శిబిరంలోనే ఒక అభ్యంతరం ఉంది. ముందు బస్సు ఎక్కే మెట్టు, ఉద్యోగం, పింఛను రావాలి గాని, ఈ ప్రేమలూ కోరికలూ మధ్యతరగతి విలాసాలు కావా అని. నేను ఒప్పుకోను. ఇవి రెండు వేరువేరు పోరాటాలు కావు. ఇద్దరు కలుసుకోవాలంటే మూడో అంతస్తులోని అద్దె గదికి లిఫ్టు ఉండాలి, సినిమాహాలులో చక్రాల కుర్చీకి చోటుండాలి, చేతిలో సొంత జీతముండాలి. తలుపు వేసుకోవటానికి ఒక గది ఉండాలి. ఎప్పుడూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండే మనిషికి దొరకని వస్తువు ఏకాంతమే. మెట్టు లేకపోవటం ఎంత భౌతికమో, ఆ మెట్టు వల్ల దొరకని ముద్దు కూడా అంత భౌతికమే. శ్రామికుడికి రొట్టె చాలు, ప్రేమ అక్కరలేదని మనం ఎన్నడూ అనలేదు. వికలాంగుడి విషయంలో మాత్రం ఎందుకనాలి?

ఇందాక చెప్పిన విద్యార్థి ఇంకొక మాట అన్నాడు: "నేనడిగితే ఒక అమ్మాయి కాదనవచ్చు సార్. అది ఆమె ఇష్టం, నేను ఓర్చుకుంటాను. కాని ఆమె గొంతులో జాలి వినపడితే మాత్రం, నేనసలు అడిగినట్టే కాదు." కాదనిపించుకోవటం కూడా సమానత్వంలో భాగమే. మన చిత్రాల్లో వికలాంగుణ్ణి నాయిక కాదంటే ఆమె దుర్మార్గురాలు, ఔనంటే దేవత. మామూలు మనిషిగా ఔననటానికీ కాదనటానికీ ఆమెకూ చోటు లేదు.

కనక రచయితలను నేను కోరేది పెద్దదేమీ కాదు. వైకల్యాన్ని చివరి రీలులో నయం చెయ్యకండి. ప్రేమించినవాళ్ళకు త్యాగమూర్తులని బిరుదులివ్వకండి. పెద్దవాళ్ళను పసివాళ్ళను చెయ్యకండి. వికలాంగులైన రచయితలూ నటులూ ఉన్నారు; వాళ్ళకు పని ఇవ్వండి, వాళ్ళ కథ వాళ్ళచేత చెప్పించండి. ఉపాధ్యాయులు ఈ చిత్రాలను తరగతిలోకి తెచ్చి ఒక్క ప్రశ్న వెయ్యాలి: ఈ కథలో ఎవరు ఎవర్ని అడిగారు? "మాలపిల్ల" తీసిన తరం ఏ ఇద్దరి మధ్యా ఎవరి అనుమతీ అక్కరలేదని చెప్పటానికి గుడి తలుపు దగ్గరికి వెళ్ళింది. మనం ఒక అద్దె గది తలుపు దాకా వెళ్ళలేకపోవటానికి కారణం లేదు.